బెంగళూరు ఫ్లాట్‌లో బీరు తయారీ: విద్యుత్ పొయ్యి ఎంపికను నిర్ణయించేది గోడలోని తీగే

సంక్షిప్తంగా

ఇంట్లో గ్యాస్ మంట లేకుండా 10 నుంచి 25 లీటర్ల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రసాన్ని మరిగించడానికి ఏ విద్యుత్ సాధనం సరిపోతుందన్న ప్రశ్నకు, దాని మీద ముద్రించిన వాట్ల సంఖ్య ఒక్కటే జవాబు చెప్పదు. ఆ వాట్లలో ద్రవానికి చేరేది ఎంత, ఇంట్లోని ప్లగ్ పాయింటు గంటల తరబడి ఎంత కరెంటు మోయగలదు, మరుగుతున్నప్పుడు లేచే ఆవిరి బయటికి పోవడానికి దారి ఉందా అన్న మూడు విషయాలనూ కలిపి చూడాలి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 10 లీటర్ల బీరుకు హాయిగా సరిపోతుంది. 20 లీటర్లు కావాలంటే ద్రవంలో మునిగి ఉండే, ఉపరితలం ఎక్కువగా ఉన్న హీటింగ్ రాడ్ గానీ, అందుకోసమే తయారైన యంత్రం గానీ మేలు. 3000 వాట్లు దాటాక మామూలు ఫ్లాట్ల వైరింగ్‌లో ఇబ్బందులు మొదలవుతాయి.

గందరగోళం ఎక్కడ మొదలవుతోంది

బెంగళూరులో 2010, 2011 ప్రాంతంలో మైక్రోబ్రూవరీలు (బీరును అక్కడికక్కడే తయారుచేసి అమ్మే పబ్బులు) వచ్చాక, అక్కడి బీరు రుచి తెలిసినవారిలో కొందరికి అది ఎలా తయారవుతుందో స్వయంగా తెలుసుకోవాలన్న కోరిక కలిగింది. మారతహళ్లి, బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఫ్లాట్లలో ఉండే తెలుగువారికి ఈ కోరికతో పాటే ఎదురయ్యే మొదటి అడ్డంకి పొయ్యి. పెద్ద గ్యాస్ బర్నరును తలుపులు మూసి ఉండే వంటగదిలో గంటల తరబడి మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉంటుంది. పైగా హోటళ్లలో వాడే తరహా బర్నర్లను ఫ్లాట్లలో వాడటం ఏ విధంగానూ క్షేమం కాదు. అందువల్ల విద్యుత్తే దారి అవుతుంది.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కొద్ది లీటర్లే కదా, అమ్మడానికి కాదు కదా అన్న మాట అనుమతికి బదులు కాదు. ఈస్ట్ కలిపి పులియబెట్టేంత వరకు మాల్ట్ రసంలో ఆల్కహాల్ ఉండదు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ దశకు ముందు జరిగే కాచడం, మరిగించడం గురించినవే. కాబట్టి లైసెన్సు ఉన్నవారి చిన్న ప్రయోగ బ్యాచ్‌లకూ, ఆల్కహాల్ లేని మాల్ట్ పానీయాలకూ, ఇంటి తయారీకి అనుమతి ఉన్న దేశాల్లో ఉండేవారికీ ఇవి ఒకేలా వర్తిస్తాయి.

అమెరికాలో సొంత వాడకానికి బీరు తయారు చేసుకోవడాన్ని 1978లో చేసిన సమాఖ్య చట్టం అనుమతించింది. అప్పటి నుంచి అక్కడ ఈ అభిరుచి విస్తరించింది, దాని మీద దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అక్కడివే. చిక్కల్లా ఆ సలహాలు అమెరికా ఇళ్లలోని ప్లగ్ పాయింట్లను బట్టి పుట్టినవి కావడం. అక్కడ మామూలు సాకెట్ 120 వోల్టులు, 15 యాంపియర్లు. అంటే గరిష్ఠంగా 1800 వాట్లు. గంటల తరబడి వాడే పరికరానికి అందులో ఐదింట నాలుగు వంతులే లెక్కలోకి తీసుకుంటారు కనుక చివరికి మిగిలేది 1440 వాట్లు. ఇది 20 లీటర్ల బ్యాచ్‌కు చాలదు. అందుకే అక్కడివారు బట్టలు ఆరబెట్టే యంత్రం కోసం వేసే 240 వోల్టుల ప్రత్యేక లైనును వాడుకుని 5500 వాట్ల రాడ్ బిగిస్తారు.

ఇక్కడి పాఠకుడు ఈ సలహాను రెండు రకాలుగా పొరబడే అవకాశం ఉంది. మామూలు సాకెట్ చాలదన్న మాట మన ఇళ్లకు వర్తించదు, ఎందుకంటే మన సరఫరాయే 230 వోల్టులు. మరోవైపు, 240 వోల్టుల రాడ్ అంటే మన ఇంటికీ పనికొస్తుందని 5500 వాట్ల రాడ్ తెప్పించుకుంటే, అది 230 వోల్టుల దగ్గర కూడా దాదాపు 22 యాంపియర్ల కరెంటు లాగుతుంది. మన పెద్ద సాకెట్ 16 యాంపియర్లది. ఆస్ట్రేలియా ఇళ్లలో మామూలు సాకెట్ 10 యాంపియర్లు, బ్రిటన్‌లో ప్లగ్ 13 యాంపియర్లు. వోల్టేజీ కూడా మనకు దగ్గరగానే ఉంటుంది. కాబట్టి బెంగళూరువాసి అనుసరించదగ్గ అనుభవం అమెరికాది కన్నా ఆ రెండు దేశాలది.

ఎంత వేడి కావాలి

బీరు తయారీలో వేడి రెండు వేర్వేరు పనులకు కావాలి. మొదటిది మాషింగ్. మరపట్టిన మాల్ట్‌ను 65 నుంచి 68 డిగ్రీల నీటిలో సుమారు గంటసేపు నానబెడితే అందులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఇక్కడ కావలసింది పెద్ద శక్తి కాదు, నిలకడ. 60–65 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేసే బీటా అమైలేజ్ అనే ఎంజైము 70 డిగ్రీలు దాటితే త్వరగా నశిస్తుంది. దాంతో పులియని చక్కెరలు మిగిలి బీరు చిక్కబడుతుంది. రెండోది మరిగించడం. ఇక్కడ శక్తే ప్రధానం.

20 లీటర్ల బీరు కోసం మరుగు మొదట్లో 25 లీటర్ల రసం ఉండాలనుకుందాం. దాన్ని 25 డిగ్రీల నుంచి బెంగళూరులో నీరు మరిగే 97 డిగ్రీలకు తేవడానికి సుమారు 2.1 యూనిట్ల విద్యుత్తు కావాలి. 2000 వాట్లు పూర్తిగా ద్రవానికే చేరితే గంటా మూడు నిమిషాలు పడుతుంది. ఇండక్షన్‌లోలా అందులో 85 శాతమే చేరితే గంటా పావు, హాట్ ప్లేట్‌లోలా 65 శాతమే చేరితే గంటన్నర దాటుతుంది. పాత్ర గోడల నుంచి పోయే వేడిని ఈ లెక్కలో కలపలేదు. ఆచరణలో ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

అసలు పరీక్ష మరుగు మొదలయ్యాక వస్తుంది. అప్పటి నుంచి ఉష్ణోగ్రత పెరగదు. అందించే వేడి అంతా నీటిని ఆవిరిగా మార్చడానికీ, గోడల నుంచి పోయే నష్టాన్ని పూడ్చడానికీ ఖర్చవుతుంది. గంటలో ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 630 వాట్లు అందుతూ ఉండాలి. చుట్టూ ఏమీ కప్పని 25–30 లీటర్ల స్టీలు పాత్ర గోడల నుంచి 300 వాట్ల దాకా పోతుందనుకుంటే, 2000 వాట్ల రాడ్ ద్రవంలోనే మునిగి ఉన్నప్పుడు గంటకు 2.7 లీటర్లు, అదే శక్తి గల ఇండక్షన్ మీద 2.2 లీటర్లు, హాట్ ప్లేట్ మీద 1.6 లీటర్లు ఆవిరవుతాయి. 25 లీటర్ల రసంలో గంటకు 6 నుంచి 10 శాతం, అంటే లీటరున్నర నుంచి రెండున్నర లీటర్లు ఆవిరైతే మరుగు బాగా ఉన్నట్టు లెక్క. కాబట్టి ఒకే వాట్ల మూడు సాధనాలలో ఒకటి సలసల మరిగిస్తుంది, ఒకటి గట్టెక్కిస్తుంది, మూడోది అంచున నిలుస్తుంది.

వోల్టేజీ తగ్గితే ఈ అంచు కూడా మిగలదు. రాడ్, కాయిల్ వంటి సాధనాల శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చేది 200 వోల్టుల దగ్గర 1510 వాట్లే ఇస్తుంది. వోల్టేజీలో తగ్గినది ఏడో వంతు లోపే అయినా శక్తిలో నాలుగో వంతు పోయింది. వేసవి సాయంత్రాల్లో ఏసీలన్నీ ఒకేసారి నడిచే వేళ కొన్ని ప్రాంతాల్లో ఇలాంటి తగ్గుదల మామూలే. హాట్ ప్లేట్ మీద అప్పుడు ఆవిరయ్యేది గంటకు లీటరు పైచిలుకు మాత్రమే. తెల్లవారుజామున పని మొదలుపెడితే ఇదే పొయ్యి మెరుగ్గా పనిచేయడానికి కారణం ఇదే.

సముద్రమట్టానికి 900 మీటర్ల పైన

చెన్నైలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో 97 డిగ్రీలకే మరుగుతుంది. ఎంత పెద్ద పొయ్యి పెట్టినా ఈ మూడు డిగ్రీల తేడా పూడదు. ఎక్కువ వాట్లు ఎక్కువ ఆవిరిని ఇస్తాయే తప్ప, మూతలేని పాత్రలో ఉష్ణోగ్రతను పెంచలేవు.

హాప్స్ అనే తీగ పూలలోని ఆల్ఫా ఆమ్లాలు మరుగుతున్నప్పుడు రూపం మార్చుకుంటేనే బీరుకు చేదు వస్తుంది. ఈ మార్పు వేగం ఉష్ణోగ్రత మీద గట్టిగా ఆధారపడి ఉంటుంది. 97 డిగ్రీల దగ్గర అది 100 డిగ్రీల దగ్గరి కన్నా సుమారు ఐదో వంతు నెమ్మదిస్తుంది. సముద్రతీర నగరాల కోసం రాసిన పద్ధతిని ఇక్కడ యథాతథంగా పాటిస్తే చేదు తగ్గుతుంది. మరిగించే సమయాన్ని పది, పదిహేను నిమిషాలు పెంచడం గానీ, హాప్స్ కొంచెం ఎక్కువ వేయడం గానీ దీనికి విరుగుడు.

ఇంకొకటి డైమిథైల్ సల్ఫైడ్. లేతరంగు పిల్స్‌నర్ మాల్ట్‌లో ఉండే ఒక పదార్థం వేడికి విడిపోయి ఇది పుడుతుంది. ఆవిరితో పాటు బయటికి పోకపోతే ఉడికించిన మొక్కజొన్న వాసనగా బీరులో మిగిలిపోతుంది. తక్కువ ఉష్ణోగ్రతలో ఆ విడిపోవడమూ నెమ్మదే, బలహీనమైన మరుగులో బయటికి పోవడమూ నెమ్మదే. వేడి చాలడం లేదని మూత పూర్తిగా మూస్తే మరుగు ఉధృతమైనట్టు కనిపిస్తుంది గానీ, మూతకు పట్టిన నీటి బొట్లు ఆ వాసనను తిరిగి పాత్రలోకే దించుతాయి. ముదురు రంగు మాల్ట్‌లను తయారీలోనే ఎక్కువ వేడికి గురిచేస్తారు కనుక వాటిలో ఈ సమస్య చాలా తక్కువ. అంటే చిన్న పొయ్యి మాత్రమే ఉన్నవారు లేతరంగు లాగర్ రకం బీర్ల జోలికి పోకుండా, ముదురు రంగు ఏల్ రకం బీర్లను ఎంచుకుంటే పొయ్యి లోపం రుచిలో బయటపడదు.

ఇండక్షన్: బలాలు, గాజు కింది పరిమితులు

చాలా ఇళ్లలో ఇప్పటికే ఉన్న సాధనం ఇది. వేడి పాత్ర అడుగులోనే పుడుతుంది కనుక వృథా తక్కువ. మీట నొక్కిన క్షణంలో ఆగిపోతుంది కనుక నురగ పొంగేటప్పుడు అదుపు చేయడం తేలిక. బీరు రసం మరుగు అందుకునే వేళ ప్రోటీన్లు గడ్డకట్టి నురగ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అప్పుడు వెంటనే ఆగే పొయ్యికీ, ఆపినా చాలాసేపు కాలుతూ ఉండే పొయ్యికీ ఉన్న తేడా వంటగది గట్టు మీద కనిపిస్తుంది.

పరిమితులు మాత్రం మూడు చోట్ల ఉన్నాయి. మొదటిది పాత్ర. ఊళ్లో పెళ్లిళ్లకు వాడే అల్యూమినియం గుండిగలు, ఇత్తడి పాత్రలు ఇండక్షన్ మీద పనిచేయవు. స్టీలు పాత్రలన్నీ కూడా పనిచేయవు. ఎక్కువగా వాడే 304 రకం స్టీలు అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి, అడుగున అయస్కాంత గుణం ఉన్న మరో పొర అతికించిన పాత్ర కావాలి. పాత్రల దుకాణానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ తలుపుకు పెట్టే చిన్న అయస్కాంతం ఒకటి తీసుకెళ్లి, అడుగు మధ్యలోనే కాక అంచుల దాకా పెట్టి చూడాలి. మధ్యలో గట్టిగా పట్టి అంచుల్లో జారిపోతే వేడి మధ్యలోనే పుడుతుంది.

రెండోది కాయిల్ వ్యాసం. ఇళ్లలో వాడే స్టవ్‌లలో గాజు కింద ఉండే కాయిల్ సాధారణంగా 20 సెంటీమీటర్లకు మించదు. 25–30 లీటర్ల పాత్ర అడుగు 35 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అప్పుడు మధ్యలో మాత్రమే మరిగి అంచులు మందకొడిగా ఉంటాయి. నిండిన పాత్ర బరువు 30 కిలోలు దాటుతుంది కనుక గాజు ఎంత బరువు మోస్తుందో తయారీదారు పత్రంలో చూడకుండా పెట్టడం మంచిది కాదు.

మూడోది లోపలి ఎలక్ట్రానిక్స్. ఈ స్టవ్‌లు అరగంట, ముప్పావుగంట వంటకు ఉద్దేశించినవి. మూడు గంటలు గరిష్ఠ శక్తి మీద నడిస్తే, ముఖ్యంగా ఫ్యాను గాలి తీసుకునే అడుగుభాగం గట్టుకు ఆనుకుని ఉంటే, వేడెక్కి తమంతట తామే ఆగిపోతాయి. కొన్ని నమూనాలు నిర్ణీత సమయం తర్వాత ఎవరూ తాకకపోతే ఆగిపోయేలా తయారవుతాయి. మాషింగ్ వేళ స్టవ్ మీది ‘65 డిగ్రీలు’ అన్న మీటను నమ్మడం కూడా పొరపాటే. అది గాజు కింది ఉష్ణోగ్రతను కొలుస్తుంది తప్ప పాత్రలోని ద్రవాన్ని కాదు. విడిగా థర్మామీటర్ పెట్టుకుని, కావలసిన వేడి రాగానే స్టవ్ ఆపి, పాత్రను దుప్పటితో చుట్టి ఉంచడం దీనికన్నా నికరమైన పద్ధతి. 15 లీటర్ల మాష్ అలా చుట్టి ఉంచితే గంటలో కొద్ది డిగ్రీలే తగ్గుతుంది.

హోటళ్ల కోసం 3500 వాట్ల ఇండక్షన్ స్టవ్‌లు కూడా దొరుకుతాయి. కాయిల్ పెద్దది, గాజు మందం, ఫ్యాను బలమైనది. ఇవి 15 యాంపియర్లకు పైగా లాగుతాయి కనుక వీటి మాట వైరింగ్ దగ్గర తేలుతుంది.

ద్రవంలో మునిగే రాడ్

సమర్థతలో దీనికి సాటి లేదు. రాడ్ నుంచి వచ్చే వేడి అంతా ద్రవంలోకే పోతుంది. పాత్ర ఏ లోహమైనా ఫరవాలేదు, అడుగు వ్యాసంతో పని లేదు. అయితే బకెట్‌లో స్నానానికి నీళ్లు కాచే రాడ్‌నే ఇందులోనూ ముంచితే ఫలితం వేరుగా ఉంటుంది. కారణం వాట్ సాంద్రత, అంటే రాడ్ ఉపరితలంలో ఒక్కో చదరపు సెంటీమీటరు నుంచి వెలువడే శక్తి.

8 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం, 60 సెంటీమీటర్ల పొడవున వేడెక్కుతూ 1500 వాట్లు ఇస్తోందనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 10 వాట్లు పడతాయి. మంచినీటికి ఇది ఇబ్బంది కాదు. చక్కెరలు, ప్రోటీన్లు, పిండి రేణువులు ఉన్న మాల్ట్ రసం మాత్రం ఆ ఉపరితలానికి అంటుకుని మాడుతుంది. పలుచని గిన్నెలో పాలను పెద్దమంట మీద పెడితే అడుగంటినట్టే ఇక్కడ రాడ్ చుట్టూ అంటుకుంటుంది, ఆ మాడు వాసన ఏ దశలోనూ పోదు. అదే 1500 వాట్లను 120 సెంటీమీటర్ల పొడవున పరిస్తే చదరపు సెంటీమీటరుకు 5 వాట్లే అవుతాయి. బీరు తయారీ కోసం అమ్మే రాడ్‌లు రెండు మూడు మడతలు పెట్టి పొడవుగా ఉండటానికి కారణం అదే. అమ్మకందారు వాట్ సాంద్రత చెప్పలేకపోయినా గొట్టం వ్యాసం, పొడవు కొలిచి కొనేవారే లెక్క వేసుకోవచ్చు.

మాల్ట్‌ను సంచిలో వేసి అదే పాత్రలో నానబెట్టే పద్ధతిలో రాడ్ మీద సంచి పడకుండా చిల్లుల పళ్లెం గానీ, స్టాండు గానీ ఉండాలి. సంచి రాడ్‌కు తాకితే గుడ్డ కాలడమే కాదు, తాకిన చోట ద్రవం కదలక రాడ్ కూడా మాడుతుంది. ద్రవం మట్టం తగ్గి రాడ్ పైకి తేలితే కొద్ది సెకన్లలోనే ఎర్రగా కాలి పాడవుతుంది. అందుకే రసాన్ని మరో పాత్రలోకి వంపే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ కూడా తీసేయడం నియమంగా పెట్టుకోవాలి.

బ్యాచ్ అయ్యాక రాడ్ మీద గోధుమరంగు పొర మిగులుతుంది. స్టీలు పాత్రలోనైతే వేడినీటిలో వాషింగ్ సోడా కలిపి నానబెడితే అది వదులుతుంది. అల్యూమినియం పాత్రకు వాషింగ్ సోడా పనికిరాదు, లోహాన్ని తినేస్తుంది. బోరు నీటి వల్ల పేరుకునే తెల్లటి సున్నపు పొరకు నిమ్మ ఉప్పు సరిపోతుంది. ఈ పొరలను వదిలేస్తే తర్వాతి బ్యాచ్‌లో అవే మాడటం మొదలవుతుంది.

శక్తిని తగ్గించి పెంచడానికి సాలిడ్ స్టేట్ రిలే (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్)తో పనిచేసే కంట్రోలర్లు వాడతారు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో విడిభాగాలు దొరుకుతాయి కనుక సొంతంగా బిగించుకోవాలనిపిస్తుంది. ఈ రిలేలు పాడైనప్పుడు ఎక్కువగా ‘ఆన్’ స్థితిలోనే ఉండిపోతాయన్నది గుర్తుపెట్టుకోవలసిన లక్షణం. కంట్రోలర్ ఆపమన్నా రాడ్ ఆగదు. కాబట్టి చేతికి అందేచోట రాడ్‌కు సరిపోయే స్విచ్ ఒకటి తప్పనిసరి. రిలే వెనుక వేడిని లాగేసే అల్యూమినియం హీట్‌సింక్ లేకుండా ప్లాస్టిక్ డబ్బాలో మూసి పెట్టడం అగ్నిప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

హాట్ ప్లేట్, ఇన్‌ఫ్రారెడ్, టీ బాయిలర్

కాయిల్ హాట్ ప్లేట్ చవక, ఏ పాత్రకైనా పనిచేస్తుంది. వేడిలో మూడో వంతు దాకా చుట్టుపక్కలకు పోతుంది, ఆపాక కూడా కాలుతూనే ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ కొంత నయం. అల్యూమినియం గుండిగ ఉన్నవారికి ఇండక్షన్ బదులు ఇదే వీలు. క్యాంటీన్లలో కనిపించే టీ బాయిలర్లను కొందరు ఆలోచిస్తారు గానీ, వాటి థర్మోస్టాట్ నీరు మరిగే ముందే ఆగేలా అమర్చి ఉంటుంది. ఆగుతూ నడుస్తూ ఉండే వేడితో నిలకడైన మరుగు రాదు.

అన్నీ ఒకే పాత్రలో ఉండే యంత్రాలు

న్యూజిలాండ్‌కు చెందిన గ్రెయిన్‌ఫాదర్, ఆస్ట్రేలియాకు చెందిన బ్రూజిల్లా వంటి యంత్రాల్లో పాత్ర, హీటర్, పంపు, కంట్రోలర్ కలిసే ఉంటాయి. 30 లీటర్ల గ్రెయిన్‌ఫాదర్‌లో హీటర్ 2000 వాట్లు, 35 లీటర్ల బ్రూజిల్లాలో 2400 వాట్లు. ఈ రెండో సంఖ్య ఆస్ట్రేలియా సాకెట్ నుంచే వచ్చింది: 240 వోల్టులు, 10 యాంపియర్లు. అంటే 20 లీటర్ల బ్యాచ్‌కు 2000–2400 వాట్లు చాలునన్నది ఆ దేశాల ఇళ్లలో నిలిచిన అనుభవం. అదే శక్తి మన 16 యాంపియర్ల సాకెట్‌కు మూడింట రెండు వంతుల భారం మాత్రమే.

వీటిలో మాషింగ్ వేళ పంపు ద్రవాన్ని తిప్పుతూ ఉంటుంది కనుక ఉష్ణోగ్రత పాత్ర అంతటా ఒకేలా ఉంటుంది. ఇండక్షన్ మీద గరిటెతో కలిపితే వచ్చే ఫలితం కన్నా ఇది స్పష్టంగా మెరుగు. దిగుమతి ఖర్చు, విడిభాగాలు దొరకడం మాత్రం కొనేముందే తేల్చుకోవలసినవి. ప్లగ్ పిన్నులు మన సాకెట్‌కు సరిపడవు. అందుకు సన్నటి ట్రావెల్ అడాప్టర్ వాడకూడదు. ఎలక్ట్రీషియన్ చేత 16 యాంపియర్ల ప్లగ్ వేయించాలి.

గోడలోని తీగ ఏమంటుంది

మన ఇళ్లలో చిన్న సాకెట్ 6 యాంపియర్లు, అంటే 1380 వాట్లు. జనం పవర్ ప్లగ్ అనే పెద్ద సాకెట్ 16 యాంపియర్లు, కాగితం మీద 3680 వాట్లు. ఆ గరిష్ఠానికి దగ్గరగా మూడు గంటలు నడపడం వేరు, గీజర్‌ను పావుగంట నడపడం వేరు. గీజర్‌తో బయటపడని లోపం ఇక్కడ బయటపడుతుంది.

ఎక్కువగా బయటపడేది సాకెట్ లోపలి వదులు. ఏళ్ల తరబడి వాడిన సాకెట్‌లో పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులు సాగి పట్టు తప్పుతాయి. ఆ చోట ఓమ్‌లో పదో వంతు నిరోధం ఏర్పడిందనుకుంటే, 8.7 యాంపియర్ల దగ్గర, అంటే 2000 వాట్లకు, అక్కడ ఏడెనిమిది వాట్ల వేడి పుడుతుంది. 13 యాంపియర్ల దగ్గర, అంటే 3000 వాట్లకు, 17 వాట్లు. వేలిగోరంత చోట పుట్టే ఆ వేడి రేకును ఇంకా వదులు చేస్తుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ, కాలిన ప్లాస్టిక్ వాసన దీని ఆనవాళ్లు. ఎం.సి.బి. (కరెంటు హద్దు దాటితే సరఫరా ఆపే స్విచ్) దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే కరెంటు హద్దులోనే ఉంది. మొదటిసారి వాడేటప్పుడు అరగంట నడిపాక స్విచ్ ఆపి ప్లగ్ తీసి, పిన్నుల దగ్గర వేడిని చూడటం ఒక్కటే దీనికి పరీక్ష. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో ఈ వదులు ఇంకా ఎక్కువ కనుక వాటిని ఈ పనికి వాడనే కూడదు.

నీరు, లోహపు పాత్ర, కరెంటు ఒకేచోట ఉంటాయి కాబట్టి 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ లేని లైను మీద మునిగే రాడ్ వాడటం ప్రాణాలతో చెలగాటం. చాలాకాలం వాడని రాడ్ లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీల్చుకుని కొద్దిగా లీక్ ఇవ్వడం, ఆర్.సి.సి.బి. పడిపోవడం జరుగుతుంటుంది. అప్పుడు రాడ్‌ను విప్పి పొడి వేడిలో ఆరబెట్టాలి, లేదా మార్చాలి. ఆర్.సి.సి.బి.ని తప్పించి వైరు కలపడం ఏ పరిస్థితిలోనూ పరిష్కారం కాదు.

రెండు చిన్న రాడ్‌లను రెండు సాకెట్లకు పెట్టి శక్తి పెంచుకోవచ్చన్న ఆలోచన సరైనదే, ఆ రెండూ వేర్వేరు ఎం.సి.బి.ల మీద ఉంటే. వంటగదిలో మైక్రోవేవ్‌కు ఒకటి, ఓవెన్‌కు ఒకటి అంటూ కనిపించే పవర్ ప్లగ్‌లు చాలా ఫ్లాట్లలో ఒకే తీగ మీద ఉంటాయి. ఒక ఎం.సి.బి. ఆపి ఏయే సాకెట్లకు కరెంటు ఆగిందో చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

బెంగళూరు అపార్ట్‌మెంట్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ నుంచి ఫ్లాటుకు పరిమితంగా, తరచుగా ఒక కిలోవాట్ చొప్పున సరఫరా ఇస్తారు. ఆ హద్దు దాటకుండా కాపలా కాసే పరికరాన్ని ఎ.సి.సి.ఎల్. అంటారు. మరుగు మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే 2000 వాట్ల భారం కనిపించి అది సరఫరా కోసేస్తుంది, కాసేపటికి మళ్లీ ఇస్తుంది, మళ్లీ కోస్తుంది. ఈలోగా ఫ్రిజ్, రౌటర్ కూడా ఆరి వెలుగుతుంటాయి. పొయ్యి స్విచ్ ఆపేస్తే మిగతా ఇల్లు కుదుటపడుతుంది. రసానికి వచ్చే నష్టమేమీ లేదు, ఆగిన నిమిషాలు కలుపుకుని మళ్లీ మరిగిస్తే చాలు.

బిల్లు విషయం చిన్నదే. 20 లీటర్ల బ్యాచ్ మొత్తానికి నాలుగైదు యూనిట్లు అవుతాయి, అంటే ముప్పై రూపాయల ప్రాంతం. ఆ లెక్కన సమర్థత వల్ల ఆదా అయ్యేది సమయమే గానీ డబ్బు కాదు. కర్ణాటకలో 2023లో మొదలైన గృహజ్యోతి పథకం కింద ఉచితంగా విద్యుత్ పొందుతూ నెలకు 200 యూనిట్ల దరిదాపుల్లో ఉన్న ఇంటికి మాత్రం ఆ కొద్ది యూనిట్లే హద్దు దాటించి మొత్తం బిల్లు కట్టేలా చేయవచ్చు. బెంగళూరు విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కామ్ ఇచ్చే బిల్లు మీద ఉండే మంజూరైన లోడ్ కూడా ఒకసారి చూసుకోవాలి. అది 3 కిలోవాట్లే అయితే పొయ్యి నడుస్తున్నంతసేపు గీజర్, వాషింగ్ మెషీన్ ఆపి ఉంచడం మంచిది.

ఆవిరికి దారి

గంటలో రెండు, రెండున్నర లీటర్ల నీరు గాలిలో కలుస్తుందంటే, మూసిన వంటగదిలో గోడలు చెమ్మగిల్లుతాయి. మాడ్యులర్ కిచెన్ అల్మారాల కింది అంచుల్లో ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. ఉబ్బడం మొదలవుతుంది. గొట్టం లేకుండా ఫిల్టర్ గుండా గాలిని తిరిగి గదిలోకే వదిలే చిమ్నీ నూనె జిడ్డును పడుతుందే తప్ప తేమను ఆపదు. బయటికి గొట్టం ఉన్న చిమ్నీ గానీ, కిటికీ తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాను గానీ ఉండాలి. పాత్రను చిమ్నీ కింద సూటిగా పెట్టినప్పుడు గొట్టంలో చల్లబడిన జిడ్డు నీరు తిరిగి రసంలో పడకుండా చూడాలి. మూతకు బిగించి చల్లటి నీటి తుంపరతో ఆవిరిని నీరుగా మార్చే కండెన్సర్లు కూడా ఉన్నాయి. అవి తక్కువ వాట్లతోనే పని నడిపిస్తాయి గానీ గంటకు 20 లీటర్లకు పైగా నీటిని తాగుతాయి. 2024 వేసవిలో కార్లు కడగడానికి మంచినీరు వాడితే 5000 రూపాయల జరిమానా విధించిన నగరంలో, ఆ నీటిని బకెట్లలో పట్టి గచ్చు కడగడానికైనా వాడే ఏర్పాటు ఉంటేనే అది సమంజసం.

ఏ ఇంటికి ఏది

అద్దె ఫ్లాటులో వైరింగ్ మార్చే హక్కు ఉండదు. అక్కడ 2000 వాట్ల ఇండక్షన్, అయస్కాంతం పట్టే అడుగున్న 18–20 లీటర్ల పాత్ర, 10 లీటర్ల బ్యాచ్ అన్నది గట్టి ఎంపిక. 13 లీటర్ల రసం నలభై నిమిషాల్లో మరుగుతుంది, కాయిల్ వ్యాసం చాలుతుంది, బరువు గాజుకు భారం కాదు. పాత్ర చుట్టూ వేడికి తట్టుకునే ఇన్సులేషన్ షీటు చుడితే గోడల నష్టం తగ్గి, చవక పొయ్యి కూడా మెరుగుపడుతుంది. పెద్ద పొయ్యి కొనడం కన్నా ముందు చేయవలసిన పని ఇది.

20 లీటర్లే కావాలనుకునేవారు 2000–2400 వాట్ల యంత్రాన్ని గానీ, అదే శక్తి గల పొడవాటి రాడ్‌ను గానీ, పరీక్షించిన ఒక్క పవర్ ప్లగ్ మీద నడుపుకోవచ్చు. 3500 వాట్ల హోటల్ ఇండక్షన్ సొంత ఇల్లు ఉన్నవారి మాట. ఇంటీరియర్ పనులు జరుగుతున్నప్పుడే పంపిణీ బోర్డు నుంచి వంటగదికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడి లైను లాగించి, దానికి సొంత ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. పెట్టించి, మామూలు పవర్ ప్లగ్ బదులు 20 యాంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్ అడిగితే ఆ దశలో ఖర్చు స్వల్పం. టైల్స్ అతికించాక అదే పనికి గోడ పగలగొట్టాలి.